కల్లును రుచి చూడటం ఎట్లా?

బెల్జియంలోని రోష్‌ఫోర్ మఠంలో తయారయ్యే 'రోష్‌ఫోర్ 10' అనే ముదురు రంగు బీరులో ఆల్కహాలు 11.3 శాతం. దాన్ని రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంది. వెడల్పు నోరున్న గ్లాసులో పోస్తారు. మరీ చల్లగా ఇవ్వరు. ముందు నురగ చూస్తారు, తర్వాత వాసన, ఆ తర్వాతే గుటక. ఎండుద్రాక్ష, అంజీరు, ముదురు పాకం, లవంగం అంటూ తగిలిన ప్రతి వాసనకూ పేరు పెడతారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల తాళ్ల నుంచి, ఈదుల నుంచి దిగే కల్లుకు ఆ మర్యాద దక్కడం లేదు. దక్కాలని నా గట్టి అభిప్రాయం. పైగా ఇక్కడ పని మరింత కష్టం. ఆ బీరు సీసాలో ఏళ్ల తరబడి ముదురుతుంది. కల్లు గంటగంటకూ మారిపోతుంది. కల్లు రుచి చూడటమంటే దాని వయసు కనిపెట్టడమే.

లష్కర్‌కు, అంటే సికింద్రాబాద్‌కు, కల్లు కొత్త కాదు. 1813లో కలరా ప్రబలినప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి ఇక్కడ మహంకాళిని నిలిపాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. ఆషాఢ బోనాల్లో ఆ తల్లికి పోసే సాకలో కల్లుకు చోటుంది. అంత గౌరవం ఉన్న పానీయం నగరంలో మాత్రం కల్లు కాంపౌండు (దుకాణం) సీసాకు పరిమితమైపోయింది. 2004లో జంటనగరాల కల్లు దుకాణాలు మూతపడ్డాయి, 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. ఆ పదేళ్లలో ఇక్కడి నాలుకలు మంచిచెడ్డలు ఎంచే అలవాటు చాలావరకు పోగొట్టుకున్నాయి.

కల్లు రుచిలో సగం చెట్టు మీదే తేలిపోతుంది. మోకు, ముస్తాదు కట్టుకుని ఎక్కిన గౌడన్న, అంటే గీత కార్మికుడు, తాటిగెల కొసను పలుచగా, వెంట్రుక మందాన గీస్తాడు. గీత లోతైతే గెల చెడుతుంది, పైపైన పోతే ధార ఆగుతుంది. ఈత చెట్టుకు గెలను కాదు, మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. అందుకే దానికి విశ్రాంతి ఇవ్వాలి. తాటికల్లు ఎండాకాలానికి పెట్టింది పేరు. ఈతకల్లు చలికాలపు సరుకు. పోతుతాడు (మగచెట్టు) కల్లుకూ పండుతాడు (ఆడచెట్టు) కల్లుకూ తేడా చెప్పగలవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. నేర్చుకోదలిస్తే వాళ్ల పక్కన కూర్చోవాలి.

మిగతా సగం లొట్టిలో, అంటే చెట్టుకు కట్టిన కుండలో, జరుగుతుంది. చెట్టు నుంచి కారేటప్పుడు అది తేటగా, తియ్యగా ఉంటుంది. అందులో పదో వంతుకు పైగా చక్కెరే. నిన్నటి కల్లు అంటుకున్న లొట్టిలో ఈస్టు కాచుకుని ఉంటుంది. బెల్జియం బీరును పులియబెట్టే శాకరోమైసిస్ సెరివిసియే జాతే ఇక్కడా ప్రధానం. అది చక్కెరను ఆల్కహాలుగా, గాలిబుడగలుగా మారుస్తుంటే లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు చేరుస్తుంది. పొద్దున దించింది సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాలుకు చేరుతుంది. ఇంకా వదిలేస్తే ఎసిటిక్ బ్యాక్టీరియా దాన్ని వెనిగర్ దారి పట్టిస్తుంది. లొట్టిని శుభ్రంగా కడిగి, సున్నం రాసి, దించిన వెంటనే చల్లగా ఉంచితే పులియదు. అదే నీరా. నెక్లెస్ రోడ్డులో 2023లో మొదలైన నీరా కేఫ్ ఆ రుచిని నగరానికి పరిచయం చేసింది. కల్లును ఎంచాలనుకునేవారు ముందు నీరా తాగి చూడటం మంచిది. తీపి ఎక్కడ మొదలైందో తెలిస్తేనే అది ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

ఇక రేకలో, అంటే తాటాకు దొన్నెలో, పోశాక తొందర వద్దు. రేక అందం వేరు గానీ రంగు చూడాలంటే గాజు గ్లాసే మేలు. పులుస్తున్న కల్లు పాలు కలిపిన నీళ్లలా మసకగా ఉంటుంది. ఆ మసక చాలావరకు ఈస్టుదే. బుడగలు సన్నగా, ఆగకుండా అడుగు నుంచి లేస్తుంటే అది ఇంకా బతికి ఉన్నట్టు. నురగ ఒక్కసారి పొంగి చచ్చిపోతే అనుమానించండి. తర్వాత ముక్కు. మగ్గిన పండు వాసన, వెనకాల పులిసిన పిండి వాసన తగలాలి. ముక్కు పుటాలు మండితే వెనిగర్ దశ వచ్చేసినట్టే. మొదటి గుటక కేవలం నోరు కడగడానికి. రెండో గుటకను నాలుక మీద కాసేపు ఆపాలి. ముందు తీపి, తర్వాత పులుపు, చివర చిన్న వగరు వరుసగా రావాలి. నాకు అన్నిటికన్నా నచ్చేది తీపీ పులుపూ సమానంగా తూగే ఆ కొద్దిపాటి వేళ. కల్లును ఐసులో పెడితే వాసన ముడుచుకుపోతుంది. లొట్టి చల్లదనం చాలు. పక్కన ఉప్పు, కారం చల్లిన గుడాలు (ఉడికించిన గింజలు) ఉంటే పులుపు ఇంకా తేటపడుతుంది.

మింగాక మిగిలే రుచిని మరిచిపోకండి. చక్కెర తీపి త్వరగా కరిగిపోతుంది. నాలుకకు అంటుకుని వదలని తీపి శాకరిన్‌ది కావచ్చు. అయితే నాలుకకూ హద్దు ఉంది. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపితే రుచిని బట్టి పట్టుకోగలమన్న నమ్మకం ప్రాణాంతకం. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు కుటుంబాలకు కుటుంబాలను విషాదంలో ముంచింది. ఆ నేరానికి ప్రయోగశాల పరీక్షే జవాబు, రుచి చూడటం కాదు. తాగనిరోజు చేతులు వణికించి నిద్ర పట్టనివ్వని కల్లు ఎంత తియ్యగా ఉన్నా వదలాల్సిందే, అదీ వైద్యుణ్ణి కలిసి. కల్లుగీతను నమ్ముకున్న కుటుంబాలకు ఈ కల్తీ చేసిన ద్రోహం తలుచుకుంటే కడుపు రగులుతుంది. నిజాయితీగా చెట్టెక్కే మనిషి పేరు కూడా అది పాడుచేస్తుంది.

కాబట్టి సీసాలో వెతక్కుండా చెట్టు దగ్గరికే పొండి. నగరం దాటితే భువనగిరి, జనగామ దారుల్లో తాటివనాలు ఇంకా కనిపిస్తాయి. మండువలో, అంటే చెట్ల కింద కల్లు పోసే చోట, గౌడన్నను రెండే ప్రశ్నలు అడగండి: ఏ చెట్టుది, ఎప్పుడు దించారు? ఒకే చెట్టు కల్లు దొరికితే అదృష్టం. దుకాణానికొచ్చేది పలు చెట్ల కలగలుపు కాబట్టి దాన్లో ఏ చెట్టు గుణమూ విడిగా తెలియదు. పొద్దున దించినదాన్ని కొంచెం పక్కన పెట్టించి, మధ్యాహ్నం దించిన కొత్తదాంతో పాటు పక్కపక్కనే రెండు గ్లాసుల్లో పోయించుకోండి. ముందు కొత్తది, తర్వాత పాతది, ఆఖర్న మళ్లీ కొత్తది తాగి చూడండి.