పైథాన్ చెబితే గ్నూప్లాట్ గీస్తుంది

లెక్క కట్టడం ఒక పని, దాన్ని గ్రాఫుగా గీయడం ఇంకో పని. రెండూ ఒకే ప్రోగ్రాము చెయ్యాలన్న నియమం లేదు. ఎవరికి వచ్చిన పని వారిని చెయ్యనిచ్చి, ఇద్దరినీ మామూలు అక్షరాలతో కలపడం యూనిక్స్ లోకం మనకిచ్చిన సంప్రదాయం. ఒక ప్రోగ్రాము రాసింది రెండోది చదువుకునే ‘పైపు’ ఆలోచన డగ్ మెకిల్‌రాయ్‌ది. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. ఆ పద్ధతి ఎంత గట్టిదో తెలియాలంటే లెక్కలు కట్టే పైథాన్ భాషకీ గ్రాఫులు గీసే గ్నూప్లాట్ ప్రోగ్రాముకీ మధ్య కట్టిన వంతెనను దగ్గరగా చూడాలి.

థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ 1986లో మొదలుపెట్టిన గ్నూప్లాట్‌తో పని చేయించుకోవడానికి మెనూలు అక్కర్లేదు. వరుసకొక ఆదేశం టైపు చేస్తే గీసేస్తుంది. ఆ ఆదేశాలను మనిషికి బదులు ఇంకో ప్రోగ్రాము పంపినా వచ్చే గ్రాఫు అదే. మైకేల్ హాగర్టీ రాసిన ‘గ్నూప్లాట్ డాట్ పై’ అనే పైథాన్ లైబ్రరీ నిలబడింది ఈ ఒక్క సంగతి మీదే. గణితానికి వాడే ఆక్టేవ్ కూడా చాలాకాలం ఇలాగే గ్నూప్లాట్ చేత గీయించుకుంది.

పైపు తెరిచి రాస్తే చాలు అనిపిస్తుంది గానీ, అసలు పని అక్కడే మొదలవుతుంది. పైథాన్ రాసింది వెంటనే అవతలికి చేరదు. కొంత పోగయ్యాక పంపుదామని బఫర్‌లో ఉంచుకుంటుంది. అందుకే ప్రతి ఆదేశం తరవాత ‘ఫ్లష్’ చెయ్యాలి. అది మరిచిపోతే తప్పు జరిగిందన్న సందేశమూ రాదు, తెర మీద గ్రాఫూ రాదు.

ఇక ఒక్కో ఆపరేటింగ్ వ్యవస్థది ఒక్కో తీరు. లినక్స్‌లో పైపు సహజం. విండోస్‌లోని పాత గ్నూప్లాట్ కేవలం కిటికీ ప్రోగ్రాము కాబట్టి పైపులోంచి వచ్చింది చదివేది కాదు. ‘పీగ్నూప్లాట్’ అనే చిన్న ప్రోగ్రాము మధ్యలో కూర్చుని, వచ్చిన ఆదేశాన్ని ఆ కిటికీకి అందించేది. నేరుగా చదవగల గ్నూప్లాట్ వచ్చాక దాని అవసరం తీరింది. పాత మ్యాకింటోష్‌లో పైపులే లేవు, ‘ఆపిల్ ఈవెంట్స్’ ద్వారా కబురు పంపాల్సి వచ్చేది.

హాగర్టీ ఈ తేడాలను లైబ్రరీ అంతటా వెదజల్లలేదు. ఒక్కో వ్యవస్థకు ఒక్కో చిన్న ఫైలు కేటాయించాడు. ప్రోగ్రాము పేరేమిటి, ఏ ‘టెర్మినల్’ మీద (అంటే తెర మీదా, ఏ రకం ఫైలులోనా) గీయాలి, డేటా ఏ దారిన పంపాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. లైబ్రరీ తానెక్కడ నడుస్తోందో చూసుకుని ఆ ఫైలును తీసుకుంటుంది. మిగతా కోడుకు ఏ వ్యవస్థ అన్న ధ్యాసే అక్కర్లేదు.

డేటా పంపడానికి మూడు దారులున్నాయి. మొదటిది, ఆదేశాల వెంటే అంకెలు పంపి, చివరి వరుసలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంతో ముగించడం. ఇది సులువే కానీ, మళ్లీ గీయమంటే అంకెలన్నీ మళ్లీ పంపాలి. గ్నూప్లాట్ 5.0లో పేరు పెట్టి దాచుకునే డేటా బ్లాకులు వచ్చి ఆ ఇబ్బందిని తీర్చాయి. రెండోది తాత్కాలిక ఫైలు. మనం ఆదేశం పంపేసినంత మాత్రాన అవతల చదవడం అయిపోయినట్టు కాదు. తొందరపడి ఫైలు చెరిపేస్తే గ్రాఫు రాదు. మూడోది యూనిక్స్‌లోని పేరున్న పైపు. ఫైలులాగే కనిపిస్తుంది, డిస్కు మీద మాత్రం డేటా మిగలదు.

ఫైలు పేరు రాయడంలోనూ ఒక మెలిక ఉంది. జంట కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్ పక్కన ‘టి’ వస్తే గ్నూప్లాట్ దాన్ని ట్యాబుగా చదువుతుంది. విండోస్‌లో సీ డ్రైవులోని ‘టెంప్’ ఫోల్డరు దారిని అలా రాస్తే, ‘టి’ కాస్తా ట్యాబులో కలిసిపోయి ‘ఎంప్’ మిగులుతుంది, ఫైలు దొరకదు. ఒంటి కొటేషన్లు వాడితే ఈ బెడద ఉండదు.

గ్నూప్లాట్ తిరిగి చెప్పేది వినడం మరింత నేర్పు కావలసిన పని. జవాబులు ఎవరూ చదవకపోతే పైపు నిండిపోతుంది. లినక్స్‌లో దాని మామూలు పరిమాణం 65,536 బైట్లు. నిండాక గ్నూప్లాట్ రాయలేక ఆగుతుంది, దానికోసం పైథాన్ ఆగుతుంది, రెండూ అక్కడే ఉండిపోతాయి. అందుకే చదవడానికి విడిగా ఒక థ్రెడ్ పెడతారు. ఆదేశం వెనకే ఒక గుర్తు మాటను ‘ప్రింట్’ చెయ్యమని పంపితే, ఆ మాట తిరిగి వచ్చిందంటే ముందు ఆదేశం పూర్తయినట్టే. అప్పుడు తాత్కాలిక ఫైలును తొందరపడి చెరిపేసే ప్రమాదం ఉండదు.

ఇంత శ్రమ ఎందుకంటే, దక్కేది పెద్దది. వెళ్లే ఆదేశాలన్నీ మామూలు అక్షరాలే కాబట్టి ఒక ఫైలులో దాచుకుని మనమే చదవొచ్చు, చేత్తో మళ్లీ నడిపి తప్పెక్కడో పట్టుకోవచ్చు. గీసే ప్రోగ్రాము కూలినా లెక్క నిలుస్తుంది. తెలుగు అక్షరాలను యూటీఎఫ్-8లో పంపి కైరో టెర్మినల్ ఎంచుకుంటే, ‘పాంగో’ అనే లైబ్రరీ మన గుణింతాలనూ వత్తులనూ సరిగ్గా కూరుస్తుంది. తగిన ఫాంటు ఉంటే చాలు. జిల్లాల వర్షపాతం గ్రాఫుకు పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు.

హాగర్టీ లైబ్రరీ పైథాన్ 2 కాలానిది. పైథాన్‌లోనే గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వంటివి ఈనాడు ఎక్కువమంది వాడుతున్నారు, అవి మంచివే. అయినా పైపు పద్ధతికి వయసు మీరలేదు. 2004 నుంచి పైథాన్‌తో పాటే వస్తున్న ‘సబ్‌ప్రాసెస్’ మాడ్యూలుతో ఈ వంతెనను ఎవరైనా కొన్ని వరుసల్లో కట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్పే ఉపాధ్యాయులు విద్యార్థుల చేత ఈ పని ఒక్కసారైనా చేయించాలి. బఫరు, థ్రెడ్, ఎన్‌కోడింగ్, ఫైలు దారి వంటివి విడివిడి పాఠాలుగా వింటే త్వరగా మరిచిపోతారు. తాము పంపిన అంకెలు గ్రాఫుగా కనిపించేదాకా వాటితో తలపడినవారికి అవి చేతిలో పనిముట్లవుతాయి.