ఇంటి జబ్బు

రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర వైద్యం చేసేవాడికి నడుం నొప్పి వింత కాదు. గెలలు ఎత్తీ దించీ వచ్చే నొప్పి. బిళ్ల రాసి, రెండ్రోజులు బరువు ముట్టుకోవద్దంటే సరి. నేనూ చాలాకాలం అలాగే రాశాను.

ఆమధ్య నలభై నిండని జట్టు కూలీ వచ్చాడు. నొప్పి డొక్కలో. బీపీ 160/100.

"ఆయ్, బీపీ మా ఇంటి జబ్బేనండి," అన్నాడు తేలిగ్గా.

రాస్తున్నవాణ్ణి ఆగాను. "నాన్నగారెలా పోయారు?"

"తలకాయ పగిలిపోతోందంటూ కూలబడ్డారండి. నలభై అయిదేళ్లకే."

"అప్పచెల్లెళ్లున్నారా ఆయనకి?"

"మేనత్తకి కాకినాడలో డయాలసిస్ చేయించామండి."

స్కానింగ్‌లో రెండు మూత్రపిండాలూ నీటి బుడగల పుట్టలే. పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. చాలా కుటుంబాల్లో లోపం 16వ క్రోమోజోము మీది పీకేడీ1 జన్యువులో ఉంటుంది. బుడగలు ఏళ్ల తరబడి పెరుగుతున్నా, మిగిలిన కణజాలం అదనంగా పనిచేసి క్రియాటినిన్‌ని మామూలుగానే చూపిస్తుంది. అందుకే రక్తపరీక్ష కన్నా ముందు బీపీయే చెబుతుంది. తర్వాత బుడగ చిట్లితే ఎర్రటి మూత్రం, చీము పడితే చలిజ్వరం. రాళ్లు, కాలేయంలోనూ బుడగలు. కొందరికి మెదడులో రక్తనాళం ఉబ్బి పగులుతుంది. ఆ తండ్రికి జరిగింది అదేనేమో, ఇప్పుడెవరు తేల్చగలరు?

నన్ను కుదిపింది మరొకటి. ఇన్నాళ్లూ నడుం నొప్పికి నేను అలవాటుగా రాసిన బిళ్లలే ఇలాంటి మూత్రపిండాలకు చేటు. అడగకుండా రాసినవి ఎన్నో!

బీపీ అదుపు, ఉప్పు తగ్గింపు మొదటి మందులు. జోరుగా ముదిరేవారిలో వేగం తగ్గించడానికి టోల్వాప్టాన్ ఉంది.

"అరటిపండు మానేయాలాండి?" అన్నాడు.

ఇప్పుడక్కర్లేదన్నాను. మూత్రపిండాలు చేతులెత్తేసిన రోజున మాత్రం పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పిస్తుంది. ఆనాడు కోనసీమలో పుట్టినవాడికి అరటిపండూ కొబ్బరినీళ్లూ రెండూ లెక్కపెట్టుకోవాల్సినవే.

వారం తిరక్కుండా తమ్ముళ్లిద్దరినీ వెంటబెట్టుకొచ్చాడు. ఇంట్లో జబ్బుంటే, 15 నుంచి 39 ఏళ్లలోపు వారికి రెండు మూత్రపిండాల్లో కలిపి మూడు బుడగలు కనబడ్డా చాలు, నిర్ధారణ అయినట్టే. పెద్దవాడికి ఒక్కటీ లేదు. చిన్నవాడికి తొమ్మిది.

"నాకే నొప్పీ లేదుకదండీ," అన్నాడు చిన్నవాడు.

బిళ్లలు రాయలేదు. బీపీ పట్టీ చుట్టాను.