కొట్టినది ఎవరు?

ఆదోనిలో చదువుకొనిన మా సంఘపు యువకుడొకడు నా చేతిలో ఒక పుస్తకముంచి, “దీనికి జవాబు చెప్పండి అయ్యగారూ” అనెను. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ సపోల్‌స్కీ 2023లో ప్రకటించిన ‘డిటర్మిన్డ్’ అను గ్రంథమది. మనుష్యునికి స్వతంత్ర చిత్తము బొత్తిగా లేదనియు, పుట్టుక, పెంపకము, మెదడులోని రసాయనములు మన ప్రతి క్రియను నిర్ణయించుచున్నవనియు ఆయన వాదము.

1983లో బెంజమిన్ లిబెట్ ప్రకటించిన పరీక్షలో, చెయ్యి కదలింపవలెనను కోరిక మనిషికి తెలియుటకు సుమారు మూడవవంతు సెకను ముందే మెదడులో సన్నాహము కనబడెను. ఎమ్మిగనూరు నేతగానికి ఇది వింత గాదు. మగ్గము మీద వాని కాలు తలంపునకు ముందే తొక్కుచుండును. అయితే సపోల్‌స్కీ ఈ పరీక్షపై ఆధారపడలేదు. అసలు ఆ కోరిక ఎక్కడనుండి వచ్చెనని అడుగుచున్నాడు. ఇది బరువైన ప్రశ్న.

ఐరోపాలో ఒకప్పుడు మూర్ఛరోగులను నిందించి హింసించిన సంగతి ఆయన ఎత్తిచూపినప్పుడు నేను తల వంచుకొంటిని. అది చేసినవారు క్రైస్తవులే గదా! 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేత సహకార సంఘమును స్థాపించినది కూడ జ్ఞాపకము వచ్చెను. నేతగానికి బుద్ధులు చెప్పి ఊరకుండక, పనికి దారి చూపిరి. మనిషిని నిందించుటకు ముందు వాని పరిస్థితి చూడుమను మాటకు నేను ఎదురాడను.

కాని నింద లేనిచోట క్షమాపణ ఏమగును? ఇక్కడ గ్రంథము నాకు చాలలేదు.

మాకు తెలిసిన నేతగాడొకడు తాగి భార్యను కొట్టెను. మరునాడు వచ్చి, “అది నేను గాదయ్యగారూ, మందు చేయించింది” అనెను. వాని తండ్రియు తాగుబోతే, బాల్యమంతయు దెబ్బలే. సపోల్‌స్కీ వానిని చూచినయెడల నాకంటె ఎక్కువగా కనికరించి యుండునేమో! నేనును ఆ మాటనే పట్టుకొని, తెలివితక్కువగా, భార్యకు నచ్చజెప్పబోతిని. ఆమె, “కొట్టింది ఆయప్ప గాకుంటే నేనెవుర్ని క్షమించల్ల అయ్యగారూ?” అనెను. నాకు మాట రాలేదు.

మూడు వారములకు వాడు ఆమె యెదుట నిలిచి, “కొట్టింది నేనే” అనెను. ఆమె అప్పుడును క్షమింపలేదు. గాని వాని మాట వినుటకు కూర్చుండెను.

పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు ఆ యువకునికి ఈ సంగతి చెప్పితిని. “ఆ మాటయు మెదడే పలికించెను గదా?” అనెను. పలికించి యుండవచ్చును, కాదనను. పలికినవాడెవడో ఆమెను అడుగుమంటిని.