ఆట ఆగవలసిన రాత్రి

డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. తెలియని పిల్లలు మన బడిలో వెతికినా దొరకరు. ఎవరు ఏ పాటతో రింగులోకి వస్తారో, ఎవరి ఆఖరి పట్టు ఏదో ఆరో తరగతి పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. మన వీధుల్లో తెలుగు, కన్నడం, తమిళం ఏ భాష మాట్లాడే ఇల్లయినా ఈ విషయంలో తేడా లేదు. పెద్దవాళ్ళు మాత్రం టీవీ ముందు ఒక్క నిమిషం నిలబడి, "అదంతా ఉత్తుత్తి కొట్లాట, దాన్ని నోరు తెరుచుకుని చూస్తావేంది?" అని పోతారు. పిల్లల మాట, పెద్దల మాట రెండూ సగం సగమే నిజం. మిగిలిన సగం తెలియాలంటే 1999 మే 23 రాత్రి అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఆ రాత్రి ప్రదర్శనను నడిపిన తీరును, దాని తరువాత జనం స్పందించిన తీరును విమర్శించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. తిరునాళ్ళలో పట్టే కుస్తీ వేరు, ఈ రెజ్లింగ్ వేరు. కుస్తీలో ఎవరు గెలుస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. ఇందులో ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి, ఎవరు ఎవరిని మోసం చేయాలి అన్నది ముందే కథగా అల్లి పెట్టుకుంటారు. ఒక విధంగా ఇది నాటకమే. అయితే కథ ఉత్తుత్తిది గాని ఎత్తు ఉత్తుత్తిది కాదు. రింగు కింద ఇనుప చట్రం, దాని మీద చెక్కలు, ఆ పైన పలుచని మెత్త, గుడ్డ. అంతే. వంద కిలోల మనిషి దాని మీద వీపు చరుచుకుని పడితే దెబ్బ దెబ్బే. ఎట్లా పడాలో ఏళ్ళ తరబడి నేర్చుకుని ఆ దెబ్బను తగ్గించుకుంటారు, లేకుండా మాత్రం చేసుకోలేరు.

ఓవెన్ హార్ట్ కెనడాలోని కాల్గరీ ఊరివాడు. 1965లో పుట్టాడు. తండ్రి స్టూ హార్ట్ కూడా మల్లయోధుడే. ఆయన పన్నెండు మంది పిల్లల్లో ఓవెన్ కడగొట్టువాడు. పేరుమోసిన బ్రెట్ హార్ట్ ఇతనికి అన్న. ఆ రోజుల్లో సంస్థ పేరు డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. వాళ్ళు ఓవెన్‌కు ఇచ్చిన వేషం పేరు 'బ్లూ బ్లేజర్'. ముఖానికి నీలం ముసుగు, భుజాల మీద ఈకల వస్త్రం వేసుకుని అందరికీ సుద్దులు చెప్పే వీరుడన్నమాట. చూసి జనం నవ్వుకోవడానికి పుట్టించిన పాత్ర.

ఆ రాత్రి కెంపర్ అరీనాలో 'ఓవర్ ది ఎడ్జ్' అనే ప్రదర్శన. పదహారు వేల మందికి పైగా జనం వచ్చారు. బ్లూ బ్లేజర్ పైకప్పు దగ్గరినుంచి తాడు కట్టుకుని రింగులోకి దిగాలి. రింగుకు కాస్త పైన ఉండగా తాడులో చిక్కుకున్నట్టు గింజుకుని, కొక్కెం ఊడదీసుకుని, బోర్లా పడి నవ్వించాలి. అందుకోసం చటుక్కున విడిపోయే కొక్కెం పెట్టారు. అది సమయానికి ముందే విడిపోయింది. ఓవెన్ దాదాపు 78 అడుగుల ఎత్తునుంచి పడ్డాడు. అంటే ఏడంతస్తుల మేడ ఎత్తు. ఛాతీ పైతాడుకు తగిలి రింగులోకి విసిరినట్టు వచ్చి పడ్డాడు. ఆసుపత్రికి తీసుకుపోయారు గాని ప్రాణం దక్కలేదు. అతనికి 34 ఏళ్ళు. ఇంట్లో భార్య మార్తా, ఇద్దరు చిన్నపిల్లలు.

పడడానికి కారణం కొక్కెమే అయినా, ఆ కొక్కెం అక్కడికి ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. తాడు మీద మనిషి వేలాడుతున్నప్పుడు కొక్కెం చేయవలసిన పని ఒక్కటే, గట్టిగా పట్టుకోవడం. ఇక్కడ సులభంగా వదిలేయడం కూడా దాని పనే అయింది. ఎందుకు? ఒక నవ్వు కోసం. మామూలుగా నడిచి వచ్చి రింగులోకి ఎక్కినా ఆ వేషానికి వచ్చిన లోటు ఏమీ లేదు.

ఇప్పుడు ప్రసారం సంగతి. ఓవెన్ పడిన సమయంలో ఇళ్ళల్లో చూసేవారికి ముందుగా చిత్రీకరించిన దృశ్యం తెరమీద నడుస్తోంది. కాబట్టి వాళ్ళు పడడం చూడలేదు. తరువాత కూడా కెమెరాలను రింగువైపు తిప్పకుండా జనం వైపు తిప్పారు. వ్యాఖ్యాత జిమ్ రాస్ ఇది ఆటలో భాగం కాదని, నిజంగానే జరిగిందని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. గొంతు వణుకుతున్నా అరిచి రక్తి కట్టించే ప్రయత్నం చేయలేదు. ఈ రెండింటినీ మెచ్చుకోవలసిందే. పడిన దృశ్యాన్ని తరువాత కూడా ఆ సంస్థ జనానికి చూపలేదు. 2014లో ఆ ప్రదర్శనను తమ నెట్‌వర్కులో పెట్టినప్పుడు ఓవెన్ ప్రమాదానికి సంబంధించిన భాగాన్ని తీసేసి, మొదట్లో నివాళి చేర్చారు.

కాని ఆట ఆగలేదు. ఓవెన్‌ను తీసుకుపోయాక అదే రింగులో తరువాతి పోటీ మొదలైంది. అందులో దిగవలసి వచ్చినవాడు జెఫ్ జారెట్. ఓవెన్‌కు స్నేహితుడు, అదే ఏడాది అతనితో జతగా టైటిల్ గెలిచినవాడు. దాదాపు గంట తరువాత ఓవెన్ చనిపోయాడని జిమ్ రాస్ టీవీ ప్రేక్షకులకు చెప్పాడు. హాలులో కూర్చున్నవారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు అండర్‌టేకర్, స్టీవ్ ఆస్టిన్‌ల ఆఖరి పోటీ దాకా చూసి, చప్పట్లు కొట్టి ఇంటికి పోయారు. ఎక్కడో వందల మైళ్ళ దూరంలో సోఫాలో కూర్చున్నవాడికి సంగతి తెలిసింది, కళ్ళముందు మనిషి పడిపోగా చూసినవాడికి తెలియలేదు. నా దృష్టిలో ఆ రాత్రి నిర్వాహకుల పెద్ద తప్పు ఇదే.

సంస్థ తరఫున మాట్లాడేవారి వాదన కూడా వినాలి. ఒక్కసారిగా ఆపితే అంతమంది జనం కంగారుపడి తొక్కిసలాట అయ్యేదంటారు కొందరు. ఓవెన్ ఉన్నా ఆట సాగాలనే కోరేవాడంటారు మరికొందరు. మొదటి మాటలో కొంత న్యాయం ఉంది. కాని జనాన్ని నెమ్మదిగా పంపించడానికి దారులు ఉన్నాయి. వాన పడితే క్రికెట్ ఆపి వేలమందిని ఇళ్ళకు పంపుతారు కదా. వానకు ఆగే ఆట మనిషి ప్రాణానికి ఆగకూడదా? రెండో మాట నాకు అసలు నచ్చదు. మాట్లాడలేని మనిషి పేరు మీద మనకు అనుకూలమైన మాట చెప్పడం సులభం. పైగా ఆ రింగు అప్పటికి ప్రమాదం జరిగిన స్థలం. ఏం జరిగిందో విచారించాల్సిన చోట మళ్ళీ ఎత్తి కుదేసుకోవడం సబబు కాదు.

ఇంకో ప్రశ్న ఉంది. అతను పడగానే హాలులో చాలామంది అది కూడా వేషంలో భాగమేననుకున్నారు. బొమ్మను వేశారేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టగలమా? నేను పట్టలేను. ఆ అనుమానాన్ని నేర్పింది ఆ సంస్థే. 1997 సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్ వేసిన ఒక పట్టు గురితప్పి స్టీవ్ ఆస్టిన్ మెడకు నిజంగానే గాయమైంది. కొద్దిసేపు అతను కాళ్ళు చేతులు కదపలేకపోయాడు. 1998లో దాన్నే కథగా మార్చారు. ఓవెన్ అదే పట్టుతో డాన్ సెవెర్న్ మెడ విరిచినట్టు, ఆ బాధతో ఆట మానేసినట్టు నటింపజేశారు. నిజమైన గాయాన్ని తీసి ఉత్తుత్తి గాయానికి వాడుకున్నారు. "నాన్నా పులి" కథ మనందరికీ తెలిసిందే. ఆ కథలో అరిచినవాడే నష్టపోయాడు. ఇక్కడ అరిచింది సంస్థ, నష్టపోయింది ఓవెన్.

ఇప్పటికీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు. రింగులో ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ రెండు చేతులు తలపైకి ఎత్తి అడ్డంగా పెట్టి సైగ చేస్తాడు. ప్రాణం కాపాడే సైగ అది. దాన్ని కూడా అప్పుడప్పుడు కథల్లో వాడేశారు. 2012 సెప్టెంబర్ 10న మాంట్రియల్‌లో వ్యాఖ్యాత జెర్రీ లాలర్‌కు ప్రత్యక్ష ప్రసారంలోనే గుండెపోటు వచ్చింది. పక్కన కూర్చున్న మైకేల్ కోల్ ఇది ఆటలో భాగం కాదని చెప్పాడు. మిగిలిన పోటీలన్నీ వ్యాఖ్యానం లేకుండా మౌనంగా నడిచాయి, మధ్యమధ్య లాలర్ ఆరోగ్యం గురించి మాత్రం చెప్పారు. లాలర్ బతికాడు. 1999తో పోలిస్తే ఇది మెరుగైన నడవడి అని నేను రాయబోతే, తరువాత జరిగింది నా చేయి పట్టుకుంది. రెండు నెలలకు లాలర్ తిరిగి వచ్చినప్పుడు, కథలో ప్రతినాయకుడైన పాల్ హేమన్ చేత గుండెపోటు వచ్చినట్టు నటింపజేసి ఆయనను వెక్కిరింపజేశారు. ఒక చేత్తో పెట్టిన అన్నాన్ని ఇంకో చేత్తో లాక్కున్నట్టు అయింది.

ఇది ఒక్క అమెరికా జబ్బు కాదు. 2009 జూన్ 13న జపాన్‌లోని హిరోషిమాలో మిత్సుహారు మిసావా ఒక సుప్లెక్స్ పట్టు తరువాత లేవలేదు. రిఫరీ ఆట ఆపించాడు. జనం అతని పేరు పిలుస్తూ ఉండగానే స్పృహ పోయింది, ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 46. నోవా అనే ఆ సంస్థకు అధ్యక్షుడు కూడా ఆయనే. ఏళ్ళ తరబడి మెడ మీద దెబ్బలు తింటూ వచ్చినా విశ్రాంతి తీసుకోలేదు. 2015 మార్చి 20 రాత్రి మెక్సికోలోని తిహువానాలో పెర్రో అగుయో జూనియర్ తాళ్ళమీద వాలి కదలకుండా ఉండిపోయాడు. ఎదుటివాడి ప్రసిద్ధమైన పట్టు కోసం అట్లా తాళ్ళమీద వాలడం ఆటలో మామూలే. అందుకే తోటివాళ్ళు కూడా కొంతసేపు గమనించక ఆట సాగించారు. చివరికి స్ట్రెచర్ బదులు చెక్క పలక మీద మోసుకుపోయారు. వయసు 35. ప్రేక్షకులే కాదు, పక్కన ఉన్న ఆటగాళ్ళు కూడా నిజాన్ని నటన అనుకునే స్థితి వచ్చిందంటే ఆ నటన హద్దు దాటినట్టే.

ఓవెన్ చనిపోయిన మరునాడు సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రదర్శనను పూర్తిగా అతనికే అంకితం చేశారు. కథలు పక్కన పెట్టారు. రోజూ కొట్టుకుంటున్నట్టు నటించేవాళ్ళు మామూలు మనుషులుగా కూర్చుని, ఓవెన్ చిలిపి చేష్టలు చెప్పి నవ్వి, ఆ వెంటనే ఏడ్చారు. అంతా అయ్యాక స్టీవ్ ఆస్టిన్ వచ్చి తెరమీది ఓవెన్ బొమ్మకు వీడ్కోలు చెప్పాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, సందేహం లేదు. కాని ఆ కన్నీళ్ళు కూడా టీవీలో ప్రసారమయ్యాయి. స్నేహితుల దుఃఖం వేరు, సంస్థ బాధ్యత వేరు. మొదటిది రెండోదానికి బదులు కాదు.

ఆ తేడాను పట్టుకుని నిలబడింది మార్తా హార్ట్. ఆమె కోర్టుకు వెళ్ళింది. 2000 సంవత్సరంలో కోటీ ఎనభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బులో కొంత పెట్టి ఓవెన్ పేరున ఒక ఫౌండేషన్ స్థాపించి, చదువుకునే పిల్లలకు ఉపకార వేతనాలు ఇస్తోంది. సంస్థవారి 'హాల్ ఆఫ్ ఫేమ్'లో భర్త పేరు చేర్చడానికి ఆమె ఒప్పుకోలేదు. అభిమానుల్లో కొందరికి దీనిమీద కోపం. "ఆయన మాకూ సొంతమే కదా" అంటారు. వాళ్ళ ప్రేమను కాదనను. అయితే మనకు సొంతమైంది తెరమీది ఓవెన్. ఇంటికి తిరిగి రాని ఓవెన్ ఆ ఇంటివాళ్ళకే సొంతం. వాళ్ళు వద్దన్నదాన్ని సన్మానం అనలేము.

ఇంతకూ రెజ్లింగ్ చూడడం మానాలా? అట్లా అని నేను చెప్పను. మంచి రెజ్లింగ్‌లో ఒకరి ప్రాణం ఇంకొకరి చేతుల్లో పెట్టే నమ్మకం ఉంది. ఎత్తి పడేసేవాడే పడేవాడి తలను కాపాడుతాడు. అది తెలిసి చూస్తే ఆట ఇంకా బాగుంటుంది. మానవలసింది "అంతా ఉత్తుత్తిదే" అనే మాట ఒకటి. దెబ్బ తగిలిన వీడియోలను నవ్వుతూ ఒకరికొకరు పంపుకోవడం ఇంకొకటి.

మన పిల్లల ఆటల్లో "తూచ్" అనే మాట ఉంది. ఎవరికైనా కాలికి ముల్లు గుచ్చుకున్నా, కింద పడినా "తూచ్" అంటే చాలు, దొంగ కూడా పట్టుకోడు. ఆట ఎంత జోరుగా ఉన్నా ఆగుతుంది. కాన్సాస్ సిటీలో ఆ రాత్రి ఓవెన్‌కు ఆ మాట చెప్పే వీలు లేదు. చెప్పగలిగిన నిర్వాహకులు చెప్పలేదు. మధ్యాహ్నం గంట కొట్టాక మన మైదానంలో పట్టులు పట్టే తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇదే. మెడమీద, తలమీద పట్టులు వద్దే వద్దు. కింద ఉన్నవాడు "నొప్పి" అంటే అది నటనా నిజమా అని లెక్క వేస్తూ కూర్చోకుండా ముందు వదిలేయండి. నటనే అయితే మీరు ఒక ఆట ఓడిపోతారు, అంతే కదా.