ఇక్కడ నీకేం పని?

మొన్నామధ్య ఒక విద్యార్థిని సెలవు చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పరిశోధన చేసుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ, అమ్మాయిల హాస్టల్లో కొంత బాధ్యత కూడా చూస్తున్నదాన్ని కాబట్టి ఆ చీటీ నా దగ్గరికి వచ్చింది. కారణం అన్న చోట 'బెంగళూరులో మెటల్ కాన్సర్ట్' అని రాసి ఉంది. 2011లో సరిగ్గా ఈ కారణానికే నేను రాసిన చీటీలో 'సెమినార్' అని ఉండింది. ఆ పిల్ల నిజం రాసింది. అయినా నేను వెంటనే సంతకం పెట్టలేకపోయాను. ఎందుకు పెట్టలేకపోయానో తెలుసుకోవడానికే ఇది రాస్తున్నాను.

2011 అక్టోబర్ 30, ఆదివారం. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన వాళ్ళ కచేరీ భద్రతా కారణాలతో ఆగిపోయింది. ఆగ్రహించిన జనం వేదిక మీదికెక్కి సామాన్లు పగలగొట్టారని పేపర్లో చదివాం. అయినా వెళ్ళాం, ముగ్గురు అమ్మాయిలం, తిరుపతి నుంచి బస్సులో. చిత్తూరు బస్టాండులో బస్సు ఆగినంతసేపూ నేను తల వంచుకుని చెప్పు సరిచేసుకుంటూ కూర్చున్నాను. అది మా ఊరు. ఏ మామయ్యో, పక్కింటి అక్కో చూసి 'యాడికిమే పోతావుండావు?' అంటే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. పలమనేరు దాటాక గానీ తల ఎత్తలేదు.

మెటాలికా కచేరీలకు ముందు ఎన్నియో మోరికోనే స్వరపరిచిన 'ది ఎక్స్‌టసీ ఆఫ్ గోల్డ్' మోగుతుంది. 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' సినిమాలోది. ఆ స్వరం మొదలవగానే మైదానమంతా ఒక్క గొంతయింది. తర్వాత డ్రమ్ములు. చెవికంటే ముందు పక్కటెముకలకు వినపడ్డాయి. నేను అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నోరు తెరవడం అదే మొదటిసారి.

నాకు ఇది ఎంత గుర్తుందో, తక్కినదీ అంతే గుర్తుంది. చున్నీని నడుముకు బిగించి కట్టుకోవడం, బ్యాగును రొమ్ముకు అడ్డంగా పట్టుకోవడం, రెండు మోచేతులూ బయటికి పెట్టి నిలబడటం, పాట పాటకూ గడియారం చూసుకోవడం. ఒక చెయ్యి తగిలింది. రెండోసారి తగిలినప్పుడు అది పొరపాటు కాదని తెలిసింది. మేం ముగ్గురం చోటు మారాం. ఆ మారే రెండు నిమిషాల్లో ఏ పాట వాయించారో ఇప్పటికీ నాకు తెలియదు.

'నేను చూసిన గొప్ప కాన్సర్ట్' అన్నది ఇప్పుడొక రచనా రూపం. ప్రేమకథలాగా, యాత్రాకథనంలాగా దానికీ ఒక మూస ఉంది. ప్రయాణం, ఎదురుచూపు, దీపాలారిపోవడం, మొదటి స్వరం, ఆపైన 'నన్ను నేను మరిచిపోయాను' అనే వాక్యం. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళు రాసినవే. వాళ్ళ అనుభవం అబద్ధమని నేను అనడంలేదు. కానీ తనను తాను మరిచిపోవడం అందరికీ ఒకే ధరకు దొరకదు. గుంపులో ఒళ్ళు మరిచిన మగవాడికి చెప్పులు పోవచ్చు. ఒళ్ళు మరిచిన ఆడదాన్ని మర్నాడు 'అక్కడ నీకేం పని?' అని అడుగుతారు.

ఈ ప్రశ్ననే పుస్తకం పేరుగా పెట్టుకున్న రచయిత్రి ఉంది. కెనడాకు చెందిన నల్లజాతి స్త్రీ లైనా డాస్. మెటల్ సంగీతాన్ని ప్రేమించిన నల్లజాతి స్త్రీల గురించి ఆమె 2012లో రాసిన 'వాట్ ఆర్ యూ డూయింగ్ హియర్?' నాకు చాలా ఆలస్యంగా దొరికింది. తెల్లవాళ్ళ గుంపులో ఒంటరి నల్లజాతి స్త్రీగా నిలబడటం ఎలా ఉంటుందో అందులో ఉంది. తన సంగీతం తనకు ఇంట్లోనూ పరాయే, కచేరీలోనూ పరాయే. ఆ పుస్తకం చదివాకే అర్థమైంది, నా జ్ఞాపకంలో పాటతో పాటు మోచేతులూ ఉండటం జ్ఞాపకానికి పట్టిన మురికి కాదని. అది మరింత పూర్తి జ్ఞాపకం. 1990లలో అమెరికాలో బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానా కచేరీల్లో అమ్మాయిలను ముందుకు రమ్మని, మగవాళ్ళను వెనక్కి జరగమని పిలుపిచ్చేది. పాటకు ముందు చోటు తేలాలని ఆమెకు తెలుసు.

అయితే చోటివ్వని సంగీతాన్ని మనం ఎందుకు ప్రేమించాలి? ఈ ప్రశ్నను ఎలెన్ విల్లిస్ నిజాయితీగా ఎదుర్కొంది. 1968లో న్యూయార్కర్ పత్రికకు మొదటి పాప్ సంగీత విమర్శకురాలైన స్త్రీవాది ఆమె. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ మీద అసహ్యం కక్కే సెక్స్ పిస్టల్స్ పాట గురించి రాస్తూ ఆమె ఒక చిక్కును మన ముందు పెట్టింది. పాట మాటలు తనకు శత్రువులు. కానీ కోరినదాన్నీ ద్వేషించినదాన్నీ ఎలుగెత్తి చెప్పే ఆ రూపం, నువ్వూ అలాగే చెప్పు అని తనను రెచ్చగొడుతుంది. మాటలు మంచివే అయినా పిరికిగా వినిపించే సంగీతం తననూ పిరికిదాన్ని చేస్తుంది. వస్తువు ఒకవైపు, రూపం మరొకవైపు లాగుతున్నాయన్నమాట. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నాకు జరిగింది అదే. ఆ పాటలు నాకోసం రాసినవి కావు. ఆ గట్టిదనం మాత్రం నాకు పనికొచ్చింది.

ఇది చదువుతుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో మా అవ్వ ఇల్లు. ఏటా మే నెల్లో జాతర వారం రోజులూ నేను అక్కడే ఉండేదాన్ని. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మారుస్తుంది. దొర వేషంలో వాడి తల నరుకుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదారుస్తుంది. బండ వేషం రోజు ఒంటికి కుంకుమ పూసుకున్నవాళ్ళు వీధుల్లో ఎదురైనవాళ్ళను బూతులు తిడతారు. తిట్టించుకోవడం ఆనాడు తప్పు కాదు. పంబలూ డప్పులూ మోగుతుంటే నా పక్కటెముకలకు మొదట వినిపించింది అక్కడే. గుడి ముందు పొయ్యిలు పెట్టి పొంగళ్ళు వండే ఆడవాళ్ళు చోటును ఎవరినీ అడగరు, కూర్చుంటారు. పొగలో, మోతలో, పూనకం వచ్చిన ఒక పెద్దామె జుట్టు విరబోసుకుని అరుస్తుంటే చుట్టూ ఉన్న మగవాళ్ళు వెనక్కి జరగడం నేను చూశాను.

ఇక్కడ ఒక మాట తేలిగ్గా వచ్చేస్తుంది: 'మన జాతరే మన మెటల్ కచేరీ.' ఒకప్పుడు నేనూ సరదాగా అనేదాన్ని. ఇప్పుడు అనలేను. జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన పుస్తకానికి 'ప్రపంచం స్త్రీగా మారినప్పుడు' అన్న అర్థం వచ్చే పేరు ఉంది. వేషం కట్టి మగవాళ్ళు మారాల్సి వస్తుంది, స్త్రీలకు ఆ అవసరం లేదు, వాళ్ళు అమ్మవారి శక్తిలో ముందే భాగం అన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అమ్మవారి వేషాలు కట్టేది కైకాల కుటుంబపు మగవాళ్ళు. మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టేదీ మగవాళ్ళే. ఇక పూనిన స్త్రీ అరుపు అమ్మవారిది, ఆమెది కాదు. పూనకం దిగాక ఎవరూ ఆమెను 'ఏమే, ఏమన్నావు?' అని అడగరు. అడిగితే ఆమె జవాబు చెప్పదు. ఆ అరుపుకు అనుమతి ఉన్నది అందులో ఆమె పేరు లేదు కాబట్టే.

సొంత పేరుతో గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో తెలుగు సాహిత్యానికి తెలుసు. స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు దాన్ని 'నీలి' కవిత్వమన్నారు, అరుపులన్నారు, నినాదాలన్నారు. 1993లో వచ్చిన సంకలనం 'నీలిమేఘాలు' అన్న పేరుతోనే ఆ తిట్టును మీదేసుకుని నిలబడింది. బండ వేషంలో మగవాడి నోట బూతు మొక్కవుతుంది. కవయిత్రి తన శరీరం పేరు చెబితే అది బూతవుతుంది. మన విమర్శ ఇప్పటికీ ఆడవాళ్ళ రచనను మెచ్చుకునేటప్పుడు 'గొంతు పెంచకుండా చెప్పింది' అంటుంది. నా సిద్ధాంత వ్యాసంలో కూడా ఆ మాట రెండు మూడు చోట్ల ఉంది. ఇప్పుడు రాస్తే తీసేస్తాను.

వాద్యం పట్టుకున్న అమ్మాయిల విషయం మరీ స్పష్టం. శ్రీనగర్‌లో ముగ్గురు బడి పిల్లలు 'ప్రగాష్' అనే రాక్ బృందం పెట్టుకుని 2012 డిసెంబరులో ఒక పోటీలో బహుమతి గెలిచారు. మత పెద్ద ఖండన, ఆన్‌లైన్‌లో అత్యాచార బెదిరింపులు వచ్చాయి. 2013 ఫిబ్రవరికల్లా బృందాన్ని మూసేసుకున్నారు. ఇండొనేషియాలోని గారుత్‌లో 2014లో హిజాబు ధరించిన ముగ్గురు బడి పిల్లలు మెటల్ బృందం పెట్టుకున్నారు. పేరు 'వాయిస్ ఆఫ్ బాచెప్రోత్'. సుండా భాషలో బాచెప్రోత్ అంటే గోల. వాళ్ళకూ బెదిరింపులు వచ్చాయి. 2024లో వాళ్ళు ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ వేదిక మీద వాయించారు. ఈ రెండు కథల్లో తేడా ధైర్యంలో ఉందని నేను అనుకోను. వెనకాల ఎవరు నిలబడ్డారు, ఎవరు నిలబడలేదు అన్న దాంట్లో ఉంది.

సెలవు చీటీ దగ్గరికి వస్తాను. సంతకం పెట్టడానికి ముందు నా నోటికి వచ్చిన మొదటి ప్రశ్న 'అక్కడ నీకేం పని?'. నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. రెండో ప్రశ్న 'ఎవరితో పోతున్నావు?'. అదీ మింగాను. చివరికి 'తిరిగి ఎట్లా వస్తావు?' అన్నాను. అది కాపలానా, తోడా అని నాకే సందేహం. ఆ పిల్ల కూడా ఒక క్షణం నా మొహంలోకి చూసింది.

"బస్సు టికెట్లు తీసేసినాం మేడం. నలుగురం పోతున్నాం."

సంతకం పెట్టాను. నా ఫోన్ నంబరు చీటీ వెనక రాసి, రాత్రి ఎంత పొద్దుపోయినా చెయ్యమన్నాను. తర్వాత, 2011లో నేను ఆ మైదానానికి వెళ్ళానని చెప్పాను. ఇంట్లో ఇప్పటికీ తెలియదని కూడా చెప్పాను. ఆ పిల్ల నవ్వి, "ముందు వరసలో ఉన్నారా మేడం?" అని అడిగింది.

లేమని చెప్పాను. వెనకెక్కడో, అంచున నిలబడ్డామని, మధ్యలో ఒకసారి చోటు మారాల్సొచ్చిందని, ఎందుకు మారామో కూడా చెప్పాను. ఆ కచేరీ కథను ఆ చెయ్యితో సహా నేను ఒకరికి చెప్పడం అదే మొదటిసారి. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. "మేం నలుగురం ముందుకు పోతాం మేడం" అంది.