ఛాతీ మీద వేలు, చెవిలో గాలి

దగ్గుతో వెళ్తే స్టెతస్కోపు చొక్కా మీదనే రెండుచోట్ల ఆనించి, మందులు రాసి పంపేసే డాక్టర్లను అందరం చూశాం. దాన్ని పరీక్ష అనలేం. గుడ్డ రాపిడి కూడా ఛాతీలో గరగరలాగే వినిపిస్తుంది మరి.

అసలు పరీక్ష కంటితో మొదలవుతుంది. ఊపిరి తీస్తే ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందా? గాలిగొట్టం మెడ నడిమధ్యనే ఉందా? ఒకపక్క నీరు బాగా చేరితే అది అవతలికి జరుగుతుంది. ఊపిరితిత్తి ముడుచుకుపోతే ముడుచుకున్న వైపుకే లాక్కుపోతుంది.

తర్వాత వేలి వంతు. తట్టి చూసే పద్ధతి మీద 1761లో వియన్నాలో పుస్తకం వేసిన వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపే ఇంట్లో పుట్టాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతుందో తట్టి తెలుసుకోవడం చూసి నేర్చాడని చెప్పుకుంటారు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విజార్ ఫ్రెంచిలోకి తెచ్చేదాకా ఆ పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎడమచేతి నడిమి వేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించి, దాన్ని కుడి నడిమి వేలితో మణికట్టు విసురు మీద కొట్టాలి. కొట్టిన వేలు వెంటనే లేవకపోతే మోత చచ్చిపోతుంది. గాలి ఉన్నచోట మోగుతుంది, నీరున్నచోట మోగదు. కుడివైపు కింద మొద్దుగా ఉంటే కంగారొద్దు, అక్కడుండేది కాలేయం.

ఇక చెవి వంతు. 1816లో పారిస్ నెక్కర్ ఆసుపత్రిలో వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి మొదట విన్నది గుండెనే. ఆయన గొప్పతనం గొట్టంలో కన్నా, బతికుండగా విన్న చప్పుడును చనిపోయాక కోసి చూసిన ఊపిరితిత్తితో ఓపిగ్గా జత చేయడంలో ఉంది.

ఆ జత ఎందుకు కావాలో నిమోనియా చెబుతుంది. ఊపిరితిత్తి గట్టిపడినా, చుట్టూ నీరు చేరినా వేలికి మొద్దుగానే తగులుతుంది. తేడా చెవికి తెలుస్తుంది. నీరు శబ్దాన్ని అణచేస్తుంది. గట్టిపడిన భాగం పెద్ద గాలిగొట్టాల హోరును మామూలు ఊపిరితిత్తి కన్నా బాగా మోసుకొస్తుంది. రోగిచేత ‘తొంభై తొమ్మిది’ అని గుసగుసగా అనిపించినా స్పష్టంగా వినపడుతుంది. ఒక్కచోట విని తేల్చేది కాదిది. కుడిన విన్నచోటే ఎడమనా వినాలి. కింది భాగాలు ఎక్కువగా వీపువైపే ఉంటాయి కనుక వెనక వినకుండా వదలకూడదు.

సన్నని చిటపటలు చెవి దగ్గర వెంట్రుకలు నలిపినట్టుంటాయి. మూసుకున్న చిన్న గొట్టాలు ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు అవి పుడతాయి. ముతక గరగర దగ్గిస్తే మారిపోవచ్చు, అది కఫం పని.

చిన్న నిమోనియా చెవికి అందకపోవచ్చు. అక్కడ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌లదే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ ఉబ్బసం ఎగదన్నినప్పుడు ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది; పిల్లికూతలు ఫిల్మ్ మీద పడవు. ఆయాసం తగ్గకుండానే ఆ కూతలు ఆగాయంటే గాలి ఆడడమే తగ్గిందన్నమాట. అలాంటి మనిషికి ముందు ఆక్సిజన్ పెట్టాలి, ఫిల్మ్ సంగతి తర్వాత.