పారిస్ ఆకలి, మా పాలెం ఆకలి
(హెమింగ్వే జ్ఞాపకాల పుస్తకం మీద మా మాట)

పోయిన ఎండాకాలం సెలవుల్లో బ్రహ్మంగారిమఠంలోనే ఉండి మేము ఒక ఇంగ్లీషు పుస్తకం చదివాం. ఎర్నెస్ట్ హెమింగ్వే రాసిన 'ఎ మూవబుల్ ఫీస్ట్'. మాది టీచర్ ట్రైనింగ్ చదువు. ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు నాలుగైదు పేజీలు చదివితే నెల పైన పట్టింది. నిదానంగా చదవడమే మంచిదైంది. తొందరగా చదివే వాళ్లు దాటిపోయే చోట్ల మేము ఆగిపోయాం.

హెమింగ్వే అమెరికావాడు. 1921 చివర్లో, ఇరవై రెండేళ్ల వయసులో, భార్య హ్యాడ్లీతో పారిస్ చేరాడు. అప్పటికి పుస్తకం ఒక్కటీ లేదు. కెనడా పత్రికకు వార్తలు రాస్తూ, కాఫీ హోటళ్లలో కూర్చుని కథలు నేర్చుకున్నాడు. 1926 దాకా గడిచిన ఆ రోజులను ముసలితనంలో రాసుకున్నాడు. 1961లో ఆయన పోయాక, 1964లో పుస్తకం అచ్చయింది. ఇష్టమైతే దీన్ని కల్పనగా చదువుకోవచ్చని ముందుమాటలోనే ఉంది. కాబట్టి ప్రతి మాటా సాక్ష్యంగా తీసుకోనక్కరలేదు.

ముందు మంచి చెప్పాలి. రాయడం ఒక పని అని ఇంత విడమరచి చెప్పిన పుస్తకం మేము ఇంకోటి చదవలేదు. రాత ముందుకు సాగకపోతే, తనకు తెలిసిన నిజమైన వాక్యం ఒక్కటి రాసి అక్కడినుంచి కదిలేవాడట. తరువాత ఏం జరుగుతుందో తెలిసిన చోటనే ఆ పూటకు ఆపేసేవాడట. మా అమ్మ గంప అల్లుతూ పొద్దుగూకితే అంతే చేసేది. మరునాడు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసేలా ఈతబరికె వదిలి లేచేది. పారిస్‌లో కూర్చుని మిచిగన్ అడవుల గురించి రాయగలిగానని ఆయన అంటాడు. ఊరు విడిచి హాస్టల్లో ఉన్నప్పుడే మా పాలెం మాకు కళ్లకు కట్టింది. ఈ మాట మాకు సులభంగా అర్థమైంది.

ఇక ఆకలి దగ్గరికి వద్దాం. పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆకలి గురించే. మధ్యాహ్నం బయట భోంచేస్తానని భార్యకు చెప్పి, రొట్టెల దుకాణాల వాసన తగలని దారులు వెతుక్కుంటూ తోటలో తిరిగేవాడు. ఖాళీ కడుపుతో మ్యూజియంలో బొమ్మలు చూస్తే ఇంకా స్పష్టంగా కనబడేవని రాశాడు. ఆ అధ్యాయంలోనే జర్మనీ పత్రిక నుంచి 600 ఫ్రాంకులు వస్తాయి. నేరుగా హోటలుకు పోయి ఆలుగడ్డలు, సాసేజి, బీరు తెప్పించుకుంటాడు. ఆ తిండి వర్ణన చదువుతుంటే మాకూ నోరూరింది.

కానీ అదే పుస్తకంలో ఇంటి పనికి ఒక పనిమనిషి ఉంటుంది. చలికాలం ఆస్ట్రియా కొండల్లో మంచు ఆటలకు పోతారు. గుర్రప్పందేలకు డబ్బు ఉంటుంది. హ్యాడ్లీకి పెద్దల ఆస్తి మీద ఏటా రాబడి వచ్చేదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆకలి ఆయనకు క్రమశిక్షణ నేర్పింది. నేర్పుతుంది, కావాలంటే మానుకోగల ఆకలి అయితే. మేము ఎరుకలోళ్లం. అమ్మ గంపలు నెత్తిన పెట్టుకుని ప్రొద్దుటూరు పోయి, అమ్ముడుపోక తిరిగొచ్చిన రాత్రి ఆకలితో మాకు ఏ బొమ్మా స్పష్టంగా కనబడలేదు. నిద్ర మాత్రం త్వరగా పట్టేది. మరునాడు బడిలో లెక్క తప్పేది. తప్పినందుకు దెబ్బ పడేది. ఆకలి అందం మీద రాసే ముందు ఈ తేడా ఒప్పుకుని ఉంటే పుస్తకం విలువ పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

పేరు సంగతీ చూడాలి. ఈస్టరులాగా ఏటా తేదీ మారే పండగను వాళ్లు అలా అంటారు. పడుచుదనంలో పారిస్‌లో ఉన్నవాడికి ఆ ఊరు ఎక్కడికి పోయినా పండగలా వెంట వస్తుందని ఆయన భావం. మా పెద్దలూ తిరిగిన వాళ్లే. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా పోయినవాళ్లు. వాళ్ల వెంట వచ్చింది పండగ కాదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టారు. హెమింగ్వే పారిస్ వీధుల్లో ఇష్టమొచ్చినట్టు నడుస్తున్న ఆ కాలంలోనే, ఆ చట్టం కింద పేరు రాయించిన మా వాళ్లు పోలీసు హాజరుకు నిలబడాల్సి వచ్చేది. ఆ చట్టం 1952లో పోయింది. ఊరి చూపులోంచి అంత త్వరగా పోలేదు.

ఈ ఆలోచనతోనే ఆయన పారిస్‌లో రాసిన కథలు వెతికాం. 1924లో అక్కడి పత్రికలో అచ్చయిన 'ఇండియన్ క్యాంప్' దొరికింది. ఇండియన్లంటే అమెరికా ఆదివాసులు. రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతున్న స్త్రీకి తెల్ల డాక్టరు మత్తుమందు లేకుండా, జేబు కత్తితో ఆపరేషన్ చేస్తాడు. ఆమె కేకలు తనకు ముఖ్యం కాదు, వినబడవు అంటాడు. పై మంచం మీద భర్త గొంతు కోసుకుని చనిపోయి ఉంటాడు. డాక్టరు చెవుడును దాచకుండా చూపించినందుకు రచయితను మెచ్చుకుంటాం. అయినా ఆ భార్యాభర్తలకు కథలో పేరు లేదు. ఆమెకు కేక ఉంది, మాట లేదు. కథ ఆ తెల్ల పిల్లవాడు ఏం నేర్చుకున్నాడన్న దగ్గర ముగుస్తుంది. ముసలితనంలో జ్ఞాపకాలు రాసినప్పుడు తోటి రచయితల పేర్లు, తాగిన సారాయి పేర్లు కూడా గుర్తున్నాయి. తనకు కథ ఇచ్చిన ఆ మనుషులు ఎవరన్న మాట మాకు ఎక్కడా కనబడలేదు.

దూరం పోనక్కరలేదు. శ్రీనివాస కల్యాణంలో స్వామి ఎరుకలసాని వేషం కట్టి పద్మావతికి ఎరుక చెబుతాడు. యక్షగానాల్లో ఎరుకలసాని లేనిదే రక్తి కట్టదు. వేషం రాజుగారి అంతఃపురంలోకి పోయింది. ఆ వేషం ఎవరిదో ఆ మనిషి వాకిట్లోనే నిలబడింది. మా అవ్వ కంచి కామాక్షినీ, మధుర మీనాక్షినీ తలచుకుని ఎరుక చెప్పేది. ఇంట్లో మాట్లాడేది కుర్రు భాష. దానికి లిపి లేదు. హ్యాడ్లీ 1922లో రైలుస్టేషనులో భర్త రాతప్రతుల పెట్టె పోగొట్టుకుంది. ఏం పోయిందో ఆయనకు తెలుసు. అవ్వతో పాటు ఏం పోయిందో మేము లెక్క చెప్పలేం. ఎందుకంటే ఆమె ఉండగా మేము అడగలేదు.

బడి తెరిచాక ఐదో తరగతి పిల్లలతో, మీ ఇంటి గురించి ఒక్క నిజమైన వాక్యం రాయండి అన్నాం. మా పిల్లవాడు ఒకడు 'మా అమ్మ గంపలు అల్లుతుంది' అని రాశాడు. పక్కవాడు తొంగిచూడగానే రబ్బరుతో చెరిపి, 'మా అమ్మ ఇంట్లో ఉంటుంది' అని మార్చాడు. వాణ్ని ఏమీ అనలేకపోయాం. ఆ వయసులో మేమూ అదే చేశాం. హెమింగ్వేకు నిజమైన వాక్యం దొరకడం కష్టమైంది. మనకు అది చేతిలోనే ఉంది. చెరపకుండా ఉంచడమే కష్టం.

ఈ పుస్తకం చదవమనే చెబుతాం. పని నేర్చుకోవడానికి చదవండి. ఆకలి దగ్గర మాత్రం మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఆ పిల్లవాడి కాగితం మా దగ్గరే ఉంది. చెరిపిన గీతలు వెలుతురుకు పట్టి చూస్తే ఇంకా కనబడుతున్నాయి.